పద్నాలుగు నోళ్ళ ఒక్క మాట

ఆ రోజుల్లో నాకు అభిప్రాయాలు ఉండేవి కావు, అభిప్రాయాలు సేకరించే ఉద్యోగం మాత్రం ఉండేది. ఇప్పుడు వ్యవహారం తిరగబడింది. పొద్దున్నే ఫోను చేతిలోకి తీసుకున్నానంటే దేశం ఎటు పోతోంది, పెళ్ళిళ్ళలో డీజే అవసరమా, పిల్లలను ఏ మీడియంలో చదివించాలి, పక్కింటాయన బైకు ఎవరి గోడకు ఆనించాలి, అన్నిటి మీదా నాకు ఖచ్చితమైన అభిప్రాయం తయారుగా ఉంటుంది. అడిగేవాళ్ళు లేకపోయినా చెబుతాను (మా ఇంటి గ్రూపులో నన్ను మ్యూట్‌లో పెట్టినవాళ్ళు ఎవరెవరో నాకు తెలుసు, తెలియనట్టు ఉంటాను). కానీ డిగ్రీ అత్తెసరు మార్కులతో గట్టెక్కించి, ఏడాదిన్నర పాటు ఆర్మూరు బస్టాండు ముందు టీ తాగడమే పనిగా పెట్టుకున్న ఆ వయసులో, చాయ్‌లో చక్కెర ఎక్కువైందా తక్కువైందా అని అడిగినా పక్కవాడి ముఖం చూసేవాణ్ణి.

అప్పుడే హైదరాబాదు సర్వే కంపెనీ ఒకటి మా డివిజన్‌లో కుర్రాళ్ళను తీసుకుంటోందని తెలిసింది. మెడలో వేసుకోవడానికి ఒక ట్యాగు, చేతిలో ఒక టాబ్లెట్, పది రోజుల పరీక్ష. పది రోజుల్లో పని నచ్చితే ఉంచుతారు, నచ్చకపోతే ట్యాగు, టాబ్లెట్ రెండూ ఊడబెరుక్కుంటారు. నాకు ఆ పది రోజులు ప్రాణసంకటం. ఎందుకంటే మా నాయిన అప్పటికే నా పాస్‌పోర్టు తీయించి బీరువాలో పెట్టాడు. ఈ ఉద్యోగం నిలిస్తే సరి, లేకపోతే ఉగాది దాటగానే దుబాయి. మా చుట్టుపక్కల ఊళ్ళలో మగవాడి కథ ఇలాగే నడుస్తుంది కాబట్టి ఎవరికీ అది వింతగా అనిపించలేదు, నాకూ మా అమ్మకూ తప్ప. అమ్మ పైకి ఏమీ అనేది కాదు, నేను ట్యాగు వేసుకుని బయల్దేరుతుంటే మాత్రం గుమ్మం దాకా వచ్చి నిలబడేది.

ఆ టాబ్లెట్‌లో ఇరవై ప్రశ్నలుండేవి. మీ ఓటు ఎవరికి వేయాలో మీరే నిర్ణయించుకుంటారా, ఊళ్ళో మందు దుకాణాలు మూసేయాలా, ఆడపిల్ల తనకు నచ్చినవాణ్ణి చేసుకోవచ్చా, కోడలి చేతిలో ఫోను ఉండవచ్చా, నాయకుల మాట మీద నమ్మకం ఉందా, ఇలాంటివి. నియమం ఒక్కటే, కానీ గట్టిది. ప్రతి నాలుగో ఇంటికి వెళ్ళాలి, ఇంటికి ఒక్క మనిషినే, ఒంటరిగా, ఇంకెవరి చెవినా పడకుండా అడగాలి. మొదటి రెండు రోజులు నేను పెర్కిట్‌లో ఇళ్ళు లెక్కపెట్టుకుంటూ బుద్ధిగానే తిరిగాను. మూడు ఇళ్ళు వదిలి నాలుగో ఇంటికి పోతే తాళం. మళ్ళీ మూడు వదిలి నాలుగో ఇంటికి పోతే కుక్క. తీరా మనిషి దొరికితే, నువ్వు ఎవరి కొడుకువు, మీది ఏ ఊరు, పింఛను రాయడానికి వచ్చావా అని ఆమే నన్ను ఇరవై ప్రశ్నలు అడిగేది. మూడో రోజు మధ్యాహ్నానికి నాకు జ్ఞానోదయమైంది. ఈ నియమం రాసిన మనిషి మార్చి నెలలో ఆర్మూరు ఎండను చూసి ఉండడు.

అప్పుడు నాకు చిన్నమ్మ గుర్తొచ్చింది. చిన్నమ్మ అంటే మా అమ్మకు చెల్లెలు. పసుపు తవ్వకాల కాలంలో తనతో కలిపి పద్నాలుగు మంది ఆడవాళ్ళ గుంపుకు ఆమె మేస్త్రి. తవ్విపోసిన పసుపు కుప్పల చుట్టూ కూర్చుని, దుంపల నుంచి వేళ్ళలాంటి కొమ్ములను ఒకవైపు, గుండ్రటి మండలను ఒకవైపు విరిచి వేరుచేయడం వాళ్ళ పని. ఎకరాల లెక్కన గుత్తకు పట్టేవారు. పని ఎంతయిందో చేను సొంతదారైన ఏ పటేలూ కొలిచి చూసుకునేవాడు కాదు. చిన్నమ్మ ఎంత చెబితే అంత. మనిషి పొట్టి, గొంతు గట్టి. చిన్నాయిన దుబాయిలో ఉండేవాడు. రెండేళ్ళకోసారి పెద్ద పెట్టెతో వచ్చి, నెల తిరక్కముందే చిన్న సంచితో వెళ్ళిపోయేవాడు. ఆ మధ్యకాలమంతా ఇల్లు, అత్త, ఇద్దరు పిల్లలు, గుంపు, అన్నీ ఆమె మీదే.

మర్నాడు దొంకేశ్వర్ రోడ్డు మీద ఒక చేనులో టార్పాలిన్ నీడ కింద వాళ్ళంతా కనిపించేసరికి నాకు దేవుడు పద్నాలుగు నాలుగో ఇళ్ళను ఒక్కచోట చేర్చి పెట్టినట్టనిపించింది. గట్టు మీద కూర్చుని మొదటి ప్రశ్న గట్టిగా చదివాను. పదమూడు ముఖాలు చిన్నమ్మ వైపు తిరిగాయి. చిన్నమ్మ చేతిలో కొమ్మును పుటుక్కున విరిచి అవునంది. అవును, అవును అంటూ కుప్ప చుట్టూ మాట తిరిగి నా దగ్గరికి వచ్చింది. నేను పద్నాలుగు ఫారాల్లో పద్నాలుగు సార్లు అవును నొక్కాను. మందు దుకాణాలు మూయాలా? మూయాలి. ఆడపిల్ల పెళ్ళి ఎవరి ఇష్టం? పెద్దల ఇష్టం. నాయకుల మీద నమ్మకం? లేదు. గంటలో పని అయిపోయింది. పైగా వాళ్ళ సద్దిలోంచి జొన్నరొట్టె, పచ్చిపులుసు కూడా దక్కాయి. టాబ్లెట్ నిండా పచ్చటి వేలిముద్రలు పడ్డాయి. నా తెలివికి నేనే మురిసిపోతూ ఇంటికి వచ్చాను (దారిలో ఈల కూడా వేశానని ఒప్పుకోవాలి).

మర్నాడు హైదరాబాదు నుంచి ఫోను. పద్నాలుగు మంది, ఇరవై ప్రశ్నలు, ఒక్క టిక్కు తేడా లేదట. ఎక్కడో నీడన కూర్చుని నువ్వే నొక్కేశావు కదా అని సూపర్‌వైజరు అడిగాడు. నిజమైన మనుషులే సార్ అన్నాను. అంతటితో ఆగితే బాగుండేది. ఇల్లిల్లూ తిరిగి ఒక్కొక్కరినీ విడిగా అడిగాను సార్ అని కూడా అన్నాను. ఆయన, అయితే రేపు పొద్దున్నే నేనే వచ్చి ఆ పద్నాలుగు మందినీ కలుస్తానన్నాడు. ఇంటికి పోతే బీరువా నా వైపే చూస్తున్నట్టనిపించింది.

సాయంత్రం పనుల వేళ చిన్నమ్మ ఇంటికి పరుగెత్తాను. ఆమె చేతులకున్న పసుపు వదలగొట్టుకుంటోంది. సంగతంతా చెప్పి, ఇంటికే వచ్చి విడివిడిగా అడిగాడని మీరంతా చెబితే చాలని బతిమాలాను. తలా ఒక తీరు అభిప్రాయం చెబితే ఇంకా మంచిదని కూడా సలహా ఇచ్చాను. ఆమె అంతా విని, దుబాయి తేదీ ఎప్పుడని మాత్రం అడిగింది. చెప్పాను. చాలాసేపు చేతులు తోముకుంటూనే ఉంది.

“పొద్దుగాల ఆటోల మాట్లాడి చెప్త కొడుకా,” అంది. “నా ఒక్కదాని మాట కాదు గది.”

ఆటో సంగతి అప్పటికి నాకు తెలియదు. తర్వాత తెలిసింది కాబట్టి ఇక్కడే చెబుతాను. ఆ గుంపుకు ఒక కట్టు ఉంది. పెర్కిట్ నుంచి చేను దాకా ట్రాలీ ఆటోలో పోయేటప్పుడు ఎవరు ఎంతయినా కొట్లాడుకోవచ్చు. ఎవరి పనికి పోవాలి, గుత్త ఎంత అడగాలి, సెలవు ఏ రోజు అన్న దగ్గర్నుంచి ఊళ్ళో మందు దుకాణాలు, ఆడపిల్లల పెళ్ళిళ్ళు, నాయకుల మాటలు దాకా, అన్నీ అక్కడే తేలాలి. (గుంపులోని ప్రార్థనక్క చర్చికి పోవాలని గుంపంతా ఆదివారం పని మానేయడం కూడా ఆటోలో తేలిందే. శనివారం ఉపవాసం ఉండే ముసలమ్మ ఆ రోజే సెలవు కావాలని రెండు వారాలు కొట్లాడి ఓడిపోయిందట.) చేతులెత్తి లెక్కపెట్టుకునేవారు. ఎటువైపు ఎక్కువ మంది ఉంటే అదే గుంపు మాట. ఆటో దిగి చేనులో కాలుపెట్టాక ఇక ఇంకో మాట ఉండదు. ఆ ఒక్క మాటను బయటివాళ్ళకు చెప్పే నోరు చిన్నమ్మది.

మర్నాడు పొద్దున్నే సారు మొదటి బస్సుకు దిగాడు. నలభై ఏళ్ళ మనిషి, ఇస్త్రీ చొక్కా, ముఖంలో నవ్వు లేదు. బైకు మీద వెనక కూర్చోబెట్టుకుని పెర్కిట్‌కు తీసుకుపోయేసరికి ఆటో కదులుతోంది. నేనూ ఎక్కబోతే చిన్నమ్మ చేయి అడ్డం పెట్టి, బండి మీద వెనక రమ్మంది. సరేనని వెంట నడిపాను. ముందు ఆటోలో గొడవ మొదలైంది. చేతులు లేస్తున్నాయి, కొంగులు నడుముకు చుట్టుకుంటున్నారు. స్పీడ్ బ్రేకరు వచ్చి ఆటో నెమ్మదించినప్పుడల్లా ముక్కలు ముక్కలుగా మాటలు మా చెవిన పడేవి. బెల్టుషాపులు మూస్తే మొగోళ్ళు ఎడ్లబండి కట్టుకుని పోయి తాగరా అని ఒకరు. కోడలికి ఫోను ఇచ్చినంక నాకు చాయ్ దిక్కులేదని ఒకరు. నీ కోడలు ఫోనులోనే నీ పింఛను చూసి చెప్పింది మరిచిపోకని ఇంకొకరు. సారు నా భుజం మీదుగా ముందుకు వంగి వినసాగాడు. వీళ్ళకు ఇన్ని అభిప్రాయాలు ఉన్నాయా అని అడిగాడు. నాకూ అప్పుడే తెలిసింది కాబట్టి, ఉన్నాయి సార్ అన్నాను.

ఊరు దాటాక గొంతులు ఒక్కసారిగా తగ్గాయి. అందరూ తలలు దగ్గరపెట్టి ఏదో మాట్లాడుకున్నారు. చేతులు లేచాయి. ఒకే ఒక్క చేయి కింద ఉంది. ఎవరిదో కనిపించలేదు.

చేనులో కుప్ప చుట్టూ కూర్చున్నాక సారు నా టాబ్లెట్ తీసుకుని మొదటి నుంచి అడగడం మొదలుపెట్టాడు. మందు దుకాణాలు మూయాలా? చిన్నమ్మ మూయాలంది. పదమూడు మంది మూయాలన్నారు. అరగంట కిందటే మూస్తే ఏం లాభమని ఆటోలో అరిచిన ఆమె కూడా, కొమ్ము విరుస్తూ, అమాయకంగా, మూయాలంది. ఇరవైకి ఇరవై నా ఫారాలతో సరిపోయాయి. నేను గెలిచాననుకుని గట్టు మీద కాలు మీద కాలు వేసుకున్నాను. సారు మాత్రం సమాధానపడలేదు. ఆటోలో ఒకటి చెప్పారు, ఇక్కడ ఒకటి చెబుతున్నారు, ఇందులో మీ సొంత అభిప్రాయం ఏదమ్మా అని చిన్నమ్మను అడిగాడు.

ఆమె చేతిలో దుంప పక్కన పెట్టింది. “సారూ, ఆటోల అన్నయి మా మనసుల మాటలు. గవి మా నడుమనే ఉంటయి. బయటోళ్ళ ముంగట పద్నాలుగు మందిమి పద్నాలుగు తీర్ల చెప్పినమనుకో, పటేలు అందుల తనకు పనికొచ్చే మాటొక్కటి ఏరుకుంటడు. ఇగ మిగిలిన పదమూడు మంది నోరు మూసుకొని గంపెత్తాలె. గందుకే మేం ఒక్క మాట మీదుంటం. మీరు పటేలు కాకపోవచ్చు. బయటోళ్ళయితే అవుతరు గద.”

ఇరవై ప్రశ్నలు రాసినవాళ్ళ బుర్రకు తట్టని సంగతి ఆమె దుంపలు విరుస్తూ చెప్పేసింది. మా చిన్నమ్మ అని గట్టిగా అరిచి చెప్పాలనిపించింది. ఆ ఆనందం ఎంతోసేపు నిలవలేదు. సారు టాబ్లెట్ మూసి, చివరిగా ఒక్క సంగతి అన్నాడు. ఈ అబ్బాయి మీ ఇళ్ళకు వచ్చి ఒక్కొక్కరినీ విడిగా అడిగాడా?

పదమూడు ముఖాలు చిన్నమ్మ వైపు తిరిగాయి. చిన్నమ్మ నా వైపు చూసింది. నేను కళ్ళతోనే దండం పెట్టాను.

“లేదు సారు,” అంది. “ఇండ్లు తిరుగుడు చేతగాక గీడికే వచ్చి, అందర్ని ఒక్కతాన అడిగిండు.”

అవు సారు, అవు సారు అంటూ మాట కుప్ప చుట్టూ తిరిగింది. ఈసారి అది నా దగ్గరికి రాలేదు, ఆయన దగ్గరికి పోయింది.

తిరుగు ప్రయాణంలో నా వీపు వెనక సారు టాబ్లెట్ తెరిచి ఫారాలు చూసుకుంటున్నాడు. నేను మనసులో చిన్నమ్మను నానా మాటలూ అన్నాను. సొంత అక్క కొడుకు కదా, ఒక్క అవును అంటే ఏం పోయేది, చిన్నాయినను పంపి రుచి చూసింది చాలక నన్ను కూడా పంపిస్తుందా అని. బస్టాండులో దిగాక సారు తాపీగా చాయ్ తాగి, నువ్వు లేని మనుషులను పుట్టించలేదు, బద్ధకించావు, ఆపైన బొంకావు అన్నాడు. ఆ పద్నాలుగు ఫారాలు కొట్టేశాడు. నీకు ఇంకా నాలుగు రోజులున్నాయి, ఇళ్ళు లెక్కపెట్టుకుంటూ తిరుగు, ఈసారి ఏ ఇంటికి వెళ్ళావో టాబ్లెట్ చూపిస్తుంది, నేను హైదరాబాదు నుంచి చూస్తుంటాను అని బస్సెక్కాడు.

తిరిగాను. అంతలా నేను ఎన్నడూ తిరగలేదు. తాళాలకూ కుక్కలకూ మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. పింఛను అడిగినవాళ్ళకు ఓపిగ్గా జవాబు చెప్పాను. రెండో రోజు సాయంత్రం లెక్కలో నాలుగో ఇల్లు ప్రార్థనక్కది వచ్చింది. ఒంటరిగా కూర్చోబెట్టి అడిగితే ఆమె జవాబులు చేనులో చెప్పినవాటికీ, ఆటోలో అరిచినవాటికీ కూడా కాస్త వేరుగా ఉన్నాయి. ఫారం అయిపోయాక నా ముఖం చూసి, మీ చిన్నమ్మతో మాట్లాడుతున్నావా అని అడిగింది. లేదన్నాను, కోపంగానే అన్నాను.

“నీ సంగతి ఆటోల వచ్చింది,” అంది ప్రార్థనక్క. “అబద్ధం చెప్పొద్దని అందరం చెయ్యెత్తినం. మన మాట మీద నమ్మకంతోనే పటేలు కొలవకుంట ఇస్తుండు, ఇయ్యాల నీ కోసం బొంకితే రేపు మన మాటకు విలువేముంటదని ముసలమ్మ అన్నది. నీ కోసం చెప్దామన్నది మీ చిన్నమ్మ ఒక్కతే. ఏడ్చింది గూడ. ఓడిపోయింది.”

నేను టాబ్లెట్ సంచిలో పెట్టుకుని బయటికి వచ్చాను. ఓడిపోయిన మనిషి నోటితోనే ఆ మాట చెప్పించారు, ఆమె చెప్పింది. నేను కళ్ళతో దండం పెడుతుంటే, నా కళ్ళలోకి చూస్తూ, గొంతు వణకకుండా చెప్పింది.

మూడు ఇళ్ళు లెక్కపెట్టాను. నాలుగోది చిన్నమ్మ ఇల్లు (మరో వీధిలోకి తిరిగితే తప్పించుకోవచ్చు, కానీ హైదరాబాదు నుంచి చూస్తుంటానన్నాడు కదా). ఆమె నన్ను చూసి ఏమీ జరగనట్టే పీట వేసింది. అత్తనూ పిల్లలనూ బయటికి పంపి, నియమం ప్రకారం ఒంటరిగా, ప్రశ్నలు చదివాను. మందు దుకాణాలు మూయాలా? వద్దంది, మూస్తే చాటుగా తాగి ఇంకా ఎక్కువ పాడవుతారంది. ఆడపిల్ల పెళ్ళి? పిల్ల ఇష్టమే, పెద్దలు కాపురం చేస్తారా అంది. కోడలి ఫోను? ఫోను లేకపోతే మీ చిన్నాయిన ముఖం నాకు రెండేళ్ళు కనబడేదా అంది. ఒక్కొక్క జవాబే నొక్కుతుంటే నా వేళ్ళు ఆగిపోసాగాయి. ఇరవైలో సగానికి పైగా, ఆమె చేనులో పద్నాలుగు మంది తరపున చెప్పినదానికి పూర్తిగా వ్యతిరేకం. మేస్త్రి కాబట్టి ఆమె మాటకే అందరూ తలూపుతారని నేను అనుకున్నాను. ఆమె అందరి మాటకూ తలవంచి వాళ్ళకు నోరయింది.

ఫారం మూశాక ఆగలేక అడిగేశాను. నా కోసం అబద్ధం చెబుదామన్నావట కదా అని.

ఎవరు చెప్పారని అడగలేదు. కొంగుతో పీట దుమ్ము దులిపింది. “చెప్దామన్న. నువ్వు గా పెట్టె సర్దుకొని పోతే అక్క ఎట్లుంటదో నాకు తెల్వదా. కానీ ఓడిపోయిన. ఓడిపోయినంక గూడ మనసుల పెట్టుకుంటే, మల్ల తెల్లారి గా ఆటో ఎట్ల ఎక్కుత కొడుకా?”

ఉద్యోగం నిలిచింది. ఆరేళ్ళు చేశాను. ఆ తర్వాత ఆర్మూరులోనే పిల్లలకు కంప్యూటర్ నేర్పే చిన్న సెంటరు పెట్టుకున్నాను. పాస్‌పోర్టు గడువు తీరిపోయింది. ఇవన్నీ పెద్ద సంగతులేమీ కావు. ఎన్ని వేల అభిప్రాయాలు సేకరించినా, ఓడిపోయిన అభిప్రాయాన్ని అంత మర్యాదగా మోసిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు. నాకైతే అది ఇప్పటికీ చేతకాలేదు. పోయిన నెల మా వీధిలో బోరు ఎక్కడ వేయాలని అందరం కూర్చుని చేతులెత్తితే, నా వైపు నా ఒక్క చేయే లేచింది. బోరు వాళ్ళు చెప్పిన చోటే పడింది, నీళ్ళు కూడా పడ్డాయి. అయినా ఆ బోరు పక్క నుంచి పోయేటప్పుడు ఇవాళ్టికీ ముఖం అటు తిప్పుకుని నడుస్తున్నాను. మొన్న ఎదురుపడిన చిన్నమ్మ అది గమనించి, నా చేతిలోని ఖాళీ బిందె తీసుకుపోయి ఆ బోరులోనే నింపి తెచ్చి ఇచ్చింది. నేను తీసుకుని, ఇంటికి వచ్చి, గ్లాసుడు తాగాను. తియ్యగా ఉన్నాయి నీళ్ళు.